బతికున్న చిప్ప ఎత్తు

ముందు పోయినవాటిని లెక్క వేస్తాను.

ఏడు గోనెసంచుల ఆల్చిప్పలు పోయాయి. అందులో ఐదు సంచులు మా అన్న సున్నపు బట్టీకి తోలించాడు. మా దుకాణం వెనక గది గోడలకు కొట్టిన వెల్ల అదే. మిగిలిన రెండు సంచులు ఊళ్లో ఇంటింటికీ చేరాయి. నారాయణఖేడులో పాలగిన్నె అడుగు గీకాలన్నా, మామిడికాయ చెక్కు తీయాలన్నా ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆ చిప్పలే. తూర్పు సముద్రం దగ్గర ఒక ఉప్పుకాలవలో పాతిన కొలతకర్ర పోయింది. గాలివానకు కొట్టుకుపోయిందని విన్నాను. మూడు ఎండాకాలాల సాయంత్రాలు పోయాయి. సముద్రం చూడాలన్న కోరిక పోయింది. నలభై దాటిన మనిషికి అదొక నష్టమా అనవచ్చు, కానీ లెక్కలో చేర్చాలి. బజారులో నన్ను ఉత్త 'సేటు' అని పిలిచే మర్యాద పోయింది. ఇప్పుడు నేను అందరికీ సముద్రం సేటును. ఈ వారం, ఆ చిప్పలు తెచ్చిన ఆయన కూడా పోయారని తెలిసింది.

చనిపోయిన మనిషిని తూచేటప్పుడు తక్కెడ ముల్లు మీద వేలు ఆనకూడదు. ఆనకుండా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఆయన పేరు రాయను, పిల్లలున్నారు. కల్హేరు వైపు చెరువు కట్టల మరమ్మతుకు ఓవర్సీరుగా వచ్చారు. మా రాజ్యం మనిషి కాదు, ఆయనది తెల్లవాళ్లు ఏలే అంగ్రేజీ ఇలాకాలో సముద్రం పక్క ఊరు. ఊళ్లో అందరూ ఓవర్సీరు సాబ్ అనేవారు. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. ప్యాంటు ఎప్పుడూ మోకాళ్ల కిందివరకు మడిచే ఉండేది. మడమ తడిసేంత నీళ్లు కూడా దొరకని వైశాఖంలో, మా బజారు దుమ్ములో, ఆయన ఏదో కాలవ దాటబోతున్నట్టు వచ్చేవారు. దూరంగా ఉన్న దేన్ని చూసినా ఎడమ కన్ను సగం మూసేవారు. దుర్బీనులోంచి కొలతకట్టెను చూసీ చూసీ ఆ అలవాటు పడిపోయింది. మనుషులను కూడా అలాగే చూసేవారు.

ఎక్కడ కొత్తగా తవ్విన మట్టి కనబడినా చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవారు. కాసేపు కళ్లు మూసుకుని, "తీపి మట్టండి" అని ఉమ్మేసేవారు. ఉప్పు లేదని దాని అర్థం. మా దుకాణం ముందు పందిరి గుంజకు గుంట తీసినప్పుడు మొదటిసారి ఆ పని చూసి మా అవ్వ బిత్తరపోయింది.

"అయ్యో, గా సారు పెండ్లాం కూరల ఉప్పెయ్యదా ఏంది? మట్టి తింటుండు!" అని లోపలికి పోయి, చారెడు ఉప్పు కలిపిన మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన చెంబు ఎత్తి మొత్తం తాగేసి, మూతి తుడుచుకుని, "ఇదండీ అవ్వగారూ, ఇదీ సముద్రం" అన్నారు. అవ్వకు ఆ రోజునుంచి ఆయన మీద ఇష్టం.

ఆయనకు ఇంకొక జబ్బు గోడల మీద గీత గీయడం. ఎవరి ఇంటికి వెళ్లినా మాటల మధ్యలో లేచి, బొగ్గుముక్కతో గోడ మీద కంటి ఎత్తున అడ్డంగా ఒక గీత గీసేవారు. "ఇప్పుడు నీరు మన కాళ్ల దగ్గర ఉందనుకోండి. అప్పుడు ఇదిగో, ఇక్కడ!" అనేవారు. మా అరుగు గోడ మీద గీశారు. పోలీసు ఠాణా గోడ మీద గీశారు. చివరికి బోరంచలో నల్లపోచమ్మ గుడి గోడ మీద కూడా గీయబోయారు. నేను పక్కనే ఉన్నాను. బోనం దించుతున్న ముసలమ్మ చూసి లేచింది.

"ఓ సారూ! అమ్మోరి గోడ మీద గా గీతలేంది? చేతులు పడిపోతయ్!"

"ఇది సముద్రం తల్లీ."

"సముద్రమైతే నీ ఇంటికాడ పెట్టుకో. ఈడికెందుకు తెచ్చినవ్?"

ఆయన బొగ్గుముక్క జేబులో వేసుకుని, తన అంగీ చేతితో గోడ తుడిచి, అమ్మవారికి దండం పెట్టారు. దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నారు. "ఆవిడ చెప్పింది నిజమేనండి. ఎక్కడికి పోయినా మోసుకుపోతున్నాను" అన్నారు.

ఆయన మాట ఒకటి మా ఊళ్లో ఇప్పటికీ తిరుగుతోంది. ఏ అంకె చెప్పినా దాని ముందు 'ప్రస్తుతానికి' అనేవారు. ప్రస్తుతానికి పది బండ్ల రాయి. ప్రస్తుతానికి రెండు కోసుల దూరం. మా అన్న ఒకసారి "పిల్లలెందరు సారూ?" అని అడిగితే, "ప్రస్తుతానికి నలుగురండి" అన్నారు. మా అన్న వారం రోజులు అదే చెప్పుకుని నవ్వాడు.

నాతో స్నేహం మిరపకాయల దగ్గర మొదలైంది. మాది అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన ధాన్యం, మిర్చి మా అరుగు మీద అమ్ముడుపోతాయి. ఇంట్లో మాట్లాడేది కన్నడం, బజారులో తెలుగు, కచేరీలో ఉర్దూ. నా చదువు మూడేళ్ల ఉర్దూ బడి. మిగతా లెక్క బస్తాల మీద నేర్చుకున్నాను, ఆ తరువాత బీదరులో కొన్న ఒక పాత భూమికొలతల పుస్తకం నుంచి నేర్చుకున్నాను. ఆ రోజు ఒక రైతు తెచ్చిన బస్తాల సగటు బరువు నోటితోనే చెబుతుంటే, ఎండుమిర్చి కొనడానికి వచ్చిన ఆయన ఆగి విన్నారు. తరువాత బస్తా మీద కూర్చున్నారు.

"ఒకే పొరను ఆరు చోట్ల కొలిస్తే ఆరు ఎత్తులు వచ్చాయనుకోండి. ఏది నిజం?"

"ఏదీ కాదు సార్. సగటు చూడాలె. గాని తక్కువొచ్చిన చోట ఎందుకు తక్కువొచ్చిందో ముందుగాల అడగాలె."

ఆయన ఎడమ కన్ను సగం మూసి నన్ను చూశారు. "మీతో పని ఉందండి షావుకారుగారూ" అన్నారు. మా దిక్కున 'గారు' అనే మాట తక్కువ. అంతకుముందు నన్నెవరూ అలా పిలవలేదు.

ఆయన చెప్పిన సంగతి ఇది. ఆల్చిప్ప తోచిన చోట బతకదు. పోటు నీరు వచ్చి తడిపి, పాటుకు వెనక్కిపోయే ఆ కొద్ది ఎత్తులోనే రాళ్లకు, మోళ్లకు అంటుకుని గుంపులుగా పెరుగుతుంది. అంతకు పైన ఎండి చస్తుంది. వాళ్ల ఊరి ఉప్పుకాలవ గట్టులో, ఇప్పటి పోటు ఎంత పొంగినా అందని ఎత్తున, మట్టి కింద ఒక చిప్పల పొర ఉంది. చిప్పలు ఒకదానికొకటి అంటుకుని, పెరిగిన తీరుగానే ఉన్నాయి. అంటే ఒకానొక కాలంలో సముద్రం అంత పైకి ఉండేది. ఎంత పైకి? కాలవలో ఒక కర్ర పాతి, నీరు అన్నిటికన్నా కిందికి దిగిన చోట గీత పెట్టుకోవాలి. ఆ గీత నుంచి పాత పొర ఎత్తు కొలవాలి. అదే గీత నుంచి నేడు బతికున్న చిప్పల ఎత్తు కొలవాలి. మొదటిదానిలోంచి రెండోది తీసివేయాలి.

"అంతేనా సార్?" అన్నాను.

"అంతేనండి. ఒక్క తీసివేత."

రోజుకు వంద తీసివేతలు చేసేవాణ్ణి. తరుగు, దలాలీ, గోనె బరువు తప్ప వాటిలో ఎప్పుడూ ఏమీ లేదు. మనుషులెవరూ చూడని సముద్రాన్ని ఒక్క తీసివేతతో పట్టుకోవచ్చునన్న మాటకు నేను పూర్తిగా లొంగిపోయాను.

మా అన్నకు ఇది నచ్చలేదు. "ఈడ బాయిలల్ల నీళ్లు ఎంత లోతుకు పోయినయో కొలిచేటోడు లేడు. మీరిద్దరు గాడ సముద్రం ఎంత ఎత్తుకు లేచిందో కొలుస్తుండ్రా?" అన్నాడు.

"బావుల సంగతి ప్రస్తుతానికి మీరు చూడండి" అన్నారు ఆయన.

ఆ ఎండాకాలం సెలవుకు ఇంటికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు రైలులోనూ బండి మీదా ఏడు సంచుల చిప్పలు తెచ్చారు. గట్టు పొడుగునా తవ్విన ఏడు గుంతలు, గుంతకొక సంచీ. కాలవలో కర్ర పాతి, దాని గీత నుంచి ప్రతి గుంత ఎత్తూ రాసి తెచ్చారు. చిప్పకు రెండు పెంకులు ఉంటాయి. అది పుట్టిన చోటే చచ్చి మట్టిలో కూరుకుపోతే రెండూ మూసుకునే ఉంటాయి. ఉప్పెన వచ్చి పెళ్లగించి ఎక్కడో పారేస్తే విడిపోతాయి. కాబట్టి ఏ సంచీలో జతలెన్నో, ఒంటివెన్నో తేల్చాలి. జతలు ఎక్కువున్న గుంత ఎత్తునే నమ్మాలి.

దుకాణం వెనక గదిలో చాప పరిచి లెక్కపెట్టాను. అవ్వ, నా భార్య కూడా కూర్చునేవారు. సముద్రపు వాసన అంటే ఏమిటో నాకు తెలిసింది అంతే. ఎండిన బురద, కొంచెం గంధకం, కొంచెం పాత గోనె. ఆరు సంచుల్లో నూటికి అరవైకి పైగా జతలే తేలాయి. ఏడో సంచీలో నూటికి పదకొండు.

ఏడో గుంత అన్నిటికన్నా ఎత్తు. దాన్ని కలిపితే ఆయన సముద్రం ఇంకా పైకి లేస్తుంది.

"ఈ సంచీ తీసెయ్యాలె సార్. ఇవి పుట్టిన చోట లేవు."

"మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి."

"రెండుసార్లు పెట్టిన. మా అవ్వ సుత పెట్టింది."

"అవ్వగారికి లెక్క వచ్చా?"

లోపలినుంచి అవ్వ అందుకుంది. "గంపల దోసకాయలు ఎన్నున్నయో చూడంగనే చెప్త సారూ. గీ చిప్పలెంత!"

ఆయన ఆ సంచీ ముందు గొంతుకూర్చుని చాలాసేపు ఒంటి చిప్పలను జత కలపడానికి చూశారు. ఒకదానికొకటి అతకలేదు. చివరికి చేతులు దులుపుకుని లేచారు. "తీసెయ్యండి. మీ చేతిలో లెక్క అబద్ధమాడదు" అన్నారు. ఆ మాట నాకు చాలా రోజులు తిండిలా పనిచేసింది. ఆ మాటకు ఇప్పటికీ తరుగు తీయను. ఆ రోజు ఆయన నిజంగానే అన్నారు.

మిగిలిన ఆరు గుంతల సగటు ఎత్తు, కర్ర గీత నుంచి ఎనిమిదింపావు అడుగులు తేలింది. ఇక తీసివేయవలసిన అంకె కావాలి.

మా బజారులో ధర నోటితో చెప్పరు. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటారు. కింద వేళ్లు పట్టి నొక్కితే అది ధర. పక్కవాడికి తెలియదు, కాగితం ఉండదు, సాక్షి ఉండడు. వానలు మొదలైన ఒక సంతనాడు ఆయన మా అరుగు మీద కూర్చుని ఇది చూశారు. చిన్నపిల్లవాడిలా సంబరపడ్డారు.

"తరువాత ఒకడు కాదంటేనో?"

"అననే అనరు సార్."

"అంటే?"

"అన్నోనితోని ఇంకెవ్వడు చెయ్యి కలపడు. ఇగ వాడు బజార్ల ఉన్నా లేనట్టే."

ఆయన నా భుజం మీది తువ్వాల లాగి నా చేతి మీద కప్పారు. కింద మూడు వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కారు.

"ఇదేంది సార్?"

"బతికున్న చిప్పల ఎత్తు. మూడడుగులు. ప్రస్తుతానికి ఇది వేసుకోండి. వచ్చే సెలవుల్లో కొలిచి అసలుది ఇస్తాను."

ఎనిమిదింపావులో మూడు పోతే ఐదుంపావు. తువ్వాల తీసేలోపే నా మనసులో తేలిపోయింది. సముద్రం ఐదుంపావు అడుగులు పైన ఉండేది. ఆ సాయంత్రం నేను మా అరుగు మెట్లు దిగుతుంటే నీళ్లలోకి దిగుతున్నట్టు అనిపించింది.

ఆయన ఊళ్లో తువ్వాల అంటే ఒళ్లు తుడుచుకునే గుడ్డ. ఆ తేడా నేను చూసుకోలేదు.

మరుసటి ఎండాకాలం వెళ్లి వచ్చారు. కర్ర మీద నీటి ఎత్తులు రోజుల తరబడి చూసి తెచ్చారు. ఇప్పటి నీరు పాత పొరను అందుకోదని రుజువు చేయడానికి అవి కావాలి. వాటిని చక్కబెట్టడానికే నాకు ఒక వానాకాలమంతా పట్టింది. బతికున్న చిప్పల ఎత్తు మాత్రం తేలేదు. "చంద్రుడు కుదరలేదండి. నీరు సరిగా దిగలేదు" అన్నారు. ఆ పై ఎండాకాలం జ్వరం వచ్చిందన్నారు. నేను అడగడం, ఆయన నాలుక కరుచుకోవడం అలవాటైపోయింది. "మీరు అప్పులవాళ్లకన్నా గట్టివారండి" అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. తువ్వాల కింద ఇచ్చిన అంకె, ఇచ్చినవాడే నిలబెడతాడు. అందులో నాకు అనుమానం లేదు.

ఆ చలికాలం హైదరాబాదులో చదువుకున్నవాళ్ల చిన్న సభలో ఈ సంగతి చెప్పడానికి ఆయనకు పిలుపు వచ్చింది. "మీరూ రావాలి షావుకారుగారూ. లెక్క మీది" అన్నారు. మా అన్న తన కోటు ఇచ్చాడు. "తమ్మీ, పట్నంల సముద్రం ధర ఎంతుందో కనుక్కోని రా" అన్నాడు. మోటారెక్కి సంగారెడ్డి మీదుగా వెళ్లాం. దారంతా ఆయన తన ప్రసంగం నాకు వినిపించారు. రెండుచోట్ల నేను అంకెలు దిద్దాను.

సభ శుక్రవారం, ఒక మేడమీది గదిలో. ఇరవైమంది ఉంటారు, పంతుళ్లు, ఇంజనీర్లు, ఒకరిద్దరు వకీళ్లు. మాటలన్నీ ఉర్దూలో. ఆయన బాగా చెప్పారు. ప్యాంటు ఆ రోజు మడవలేదు. చిప్పల జతల సంగతి చెప్పినప్పుడు గదిలో మెచ్చుకోలు వినిపించింది. "ఏడో సంచీని నేను తీసేశాను" అన్నప్పుడు నేను లోలోపల నవ్వుకున్నాను. చివరికి నల్లబల్ల మీద తీసివేత వేసి, కింద ఐదుంపావు అని రాసి, గీత కొట్టారు.

ముందు వరసలో ఒక ముసలి ఇంజనీరు ఉన్నారు. కాలవల పనిలో జీవితం గడిపినవారు, తెల్ల మీసాలు. మర్యాదగా అడిగారు.

"పాత పొరను ఆరు చోట్ల కొలిచారు, బాగుంది. బతికున్న చిప్పలు మూడడుగులంటున్నారు. అవి ఎన్ని చోట్ల కొలిచారు? ఎవరు కొలిచారు?"

ఆయన సుద్దముక్క పట్టుకున్న చెయ్యి నావైపు చాపారు. "మా నారాయణఖేడు షావుకారుగారు. పోయిన ఎండాకాలం మా ఊరు వచ్చి స్వయంగా కొలిచారు."

అందరూ నావైపు తిరిగారు. ముసలి ఇంజనీరు ముఖం విప్పారింది. "శభాష్! ఆ బురదలో కట్టె ఎలా నిలబెట్టారు? పాటు ఎంతసేపు దొరికింది?" అని నన్నే అడిగారు.

నేను ఆయన్ని చూశాను. ఎడమ కన్ను సగం మూసి, కొలతకట్టెను చూసినట్టు ఆయనా నన్ను చూస్తున్నారు. కట్టె కదలకూడదు. నిలబెట్టిన చోట నిలబడాలి.

లేచి నిలబడ్డాను. "మైఁనే సమందర్ దేఖా నహీఁ సాబ్" అన్నాను. నేను సముద్రం చూడనేలేదు.

ఒకరిద్దరు నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. "మరి మూడు ఎక్కడిది?"

"ఓవర్సీరు సాబ్ ఇచ్చారు."

"రాసి ఇచ్చారా?"

"లేదు. తువ్వాల కింద ఇచ్చారు."

అప్పుడు గది మొత్తం నవ్వింది. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయనే. "పల్లెటూరి వర్తకులు, పాపం. ఇంతమందిని చూసి బెదిరిపోయారు. ఏదో అంటున్నారు" అని నల్లబల్ల వైపు తిరిగారు. నా కోటు మా అన్నదని, చేతులు పొట్టిగా ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

ముసలి ఇంజనీరు లేస్తూ ఒకమాట అన్నారు. ఎవరినీ నిందించలేదు. "ఆ మూడు తేలేదాకా ఇది మంచి కథ. తేలినరోజు లెక్క అవుతుంది. అప్పుడు మళ్లీ వింటాం."

మేడమెట్ల మీద ఆయన్ని ఆపాను.

"సార్, నేనెన్నడొచ్చిన మీ ఊరికి?"

"ఊరుకోండి షావుకారుగారూ. నేనే కొలవలేదని ఆ గదిలో ఎలా చెప్పను?"

"నేను కొలిచిన్నని ఎట్ల చెప్పిండ్రు?"

"మీరు ఒక్క తల ఊపితే అయిపోయేది."

"చూడని సముద్రానికి తల ఎట్ల ఊపాలె సార్?"

ఆయన రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగారు. కోపంగా లేరు. నాకు ఏదో అర్థమయ్యేటట్టు చెప్పాలన్న ఓపిక ఉంది ముఖంలో. "మీకేం పోయిందండి? ఆ గదిలో పోవడానికి మీకు పేరుందా? నాకుంది" అన్నారు.

అన్న కోటు చేతులు కిందికి లాక్కుని ఆయన వెనక మెట్లు దిగాను.

కింద హోటలులో చాయ్ ఇప్పించారు. సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగారు. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యివేసి, "ప్రస్తుతానికి ఇలా వదిలేయండి. ఈ సెలవుల్లో తప్పకుండా కొలిచి పంపిస్తాను" అన్నారు.

నేను ఊరు చేరేసరికి ఆ సంగతి నాకన్నా ముందే చేరింది. సభలో ఉన్న వకీళ్లలో ఒకరికి మా తహసీల్ కచేరీలో చుట్టాలున్నారు. "ఏం సేటూ, గాడ ఎంత లోతుంది? ఈతొచ్చా?" అని దళారులు మొదలుపెట్టారు. ఒకడు తువ్వాల లేకుండా చెయ్యి చాచాడు. "నీతోని బయటనే చేసుకుంట తియ్యి, మల్ల పట్నంల పేరు చెప్తవు" అన్నాడు. తువ్వాల కింది మాట బయటపెట్టింది నేనే కదా మరి. మా బజారు లెక్కలో అది కూడా తప్పే. ఆయన కాదన్నందుకు కాదు, నేను చెప్పినందుకు నవ్వారు. అవ్వ ఒక్కతే, "ఆ సారు గట్లనడే" అని చాలా రోజులు నమ్మలేదు.

ఒకనాడు మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు, మా అరుగు గోడ మీద ఆయన గీసిన బొగ్గు గీతకు కొలబద్ద పెట్టాను. నేల నుంచి ఐదడుగుల మూడంగుళాలకు, అంటే ఆ ఐదుంపావుకే, వెంట్రుకవాసి తక్కువ. అది ఆయన కంటి ఎత్తు. సంచులు రాకముందు, నేను ఒక్క చిప్ప కూడా ముట్టకముందు గీసిన గీత.

ఆ ఏడే ఆయనకు బదిలీ అయింది. చెప్పి వెళ్లలేదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. చిప్పలు ఏంచేద్దామని అన్న అడిగితే నీ ఇష్టం అన్నాను.

ఆయన పోయారన్న కబురు మొన్న సంతకు వచ్చిన ఖలాసీ తెచ్చాడు. కల్హేరు మనిషి, ఆయన దుర్బీనుకు ఎదురుగా ఏళ్ల తరబడి కొలతకట్టె పట్టుకుని నిలబడ్డవాడు. బెల్లం తూయిస్తూ మామూలుగా చెప్పాడు.

"ఓవర్సీరు సాబ్ పోయిండంట సేటూ. కచేరీల అనుకుంటుండ్రు. మంచోడే పాపం. నన్ను సుత ఒకపారి సముద్రం కాడికి తోల్కపోయిండు. బురదల నిలవెట్టి సంపిండనుకో."

తక్కెడ పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఏ బురదల?"

"గదే, చిప్పలుండే బురద. బతికున్న చిప్పలు. కాళ్లన్ని కోసుకపోయినయ్. నేను కట్టె వట్కొని నిలవడితే ఆయన గట్టుమీదికెల్లి చూసిండు. ఒకనాడు చూసిండు, మల్ల తెల్లారి చూసిండు."

"ఎన్నడు?"

"మీరిద్దరు పట్నం పోక ముందటేడు. గా ఎండకాలం."

చంద్రుడు కుదరలేదని ఆయన నాతో చెప్పిన ఏడు అది.

"ఎంతొచ్చింది?"

"నాకేమెరుక? అరచేతిల రాసుకున్నడు. రాసుకోని గట్లనే చూసుకుంట కూసుండు, అన్నం సుత తినలే. ఇగ కాలవల దిగి చెయ్యి కడుక్కున్నడు."

"చిప్పలు నీకు ఎందాకున్నయ్? మోకాళ్లదాకనా, నడుముదాకనా?"

ఖలాసీ నన్ను జాలిగా చూశాడు. "తొడలదాక బురదల దిగవడ్డ సేటూ. యాడికెల్లి యాడిదాక అని చెప్పాలె?"

బెల్లం కట్టి ఇచ్చాను. వాడు వెళ్లిపోయాడు.

కొలవలేదనుకుని ఇన్నాళ్లూ నేను ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ఆ కోపం తప్పు, కొట్టివేస్తున్నాను. ఆయన కొలిచారు. రెండుసార్లు కొలిచారు. మూడే వచ్చి ఉంటే కడుక్కునేవారు కాదు, నాకు నిజంగానే తెచ్చి ఇచ్చేవారు. నాలుగు వచ్చి ఉంటే సముద్రం నాలుగుంపావు. ఐదు వచ్చి ఉంటే మూడుంపావు. ఏదైనా మంచి సముద్రమే. చిన్నదైనంతమాత్రాన నేను దాన్ని కాదనేవాణ్ణి కాదు.

పాత పొర ఎత్తు ఎనిమిదింపావు అడుగులు. దానికి నేను పూచీ. ఎవరు, ఏ గదిలో అడిగినా నిలబడతాను. అందులోంచి తీసివేయడానికి, కర్ర గీత నుంచి బతికున్న చిప్ప ఎత్తు, ఆయన దగ్గరనుంచి ఈ రోజుకూ రావలసినది:

అడుగులు ——, అంగుళాలు ——.